మేమా? మనమా?

నా పీహెచ్‌డీ థీసిస్ చిత్తుప్రతి. మూడో అధ్యాయం, పద్నాలుగో పేజీ, ఎడమవైపు మార్జిను. అక్కడ పెన్సిలుతో, సన్నటి తెలుగు అక్షరాల్లో రెండే మాటలు: ‘మేమా? మనమా?’ మిగతా పేజీ అంతా ఇంగ్లిషు. టైపు మిషను రిబ్బను అరిగిపోయి బూడిద రంగుకు తిరిగిన అక్షరాలు. అందులో నేను రాసిన ‘వి’ అనే ఇంగ్లిషు సర్వనామం కింద మా గైడు గారు చిన్న గీత గీసి, పక్కన ఈ ప్రశ్న వేశారు. అది 1991 నాటి కాగితం. అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి కానీ పెన్సిలు రాత మాత్రం చెక్కు చెదరలేదు.

ఆ రోజు ఆ ప్రశ్న నాకు అర్థం కాలేదు. వ్యాకరణం తప్పేమో అనుకున్నాను. ఇంగ్లిషులో మేము అన్నా, మనం అన్నా ఒక్కటే మాట కదా, ఇందులో అడగడానికి ఏముంది అనుకుంటూ హాస్టలు గదికి వచ్చి ఆ పేజీని మళ్లీ మళ్లీ చదివాను. రాత్రి భోజనాల గంట మోగినా కదలలేదు.

మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరు. డిగ్రీ దాకా నా చదువంతా తెలుగు మాధ్యమంలోనే సాగింది. 1968లో పెట్టిన తెలుగు అకాడమీ వేసిన పాఠ్యపుస్తకాలు లేకపోతే మా ఊరి నుంచి నాలాంటి ఆడపిల్లలు డిగ్రీ గడప తొక్కేవారు కాదు. ఆ పుస్తకాలంటే నాకు ఇప్పటికీ గౌరవమే. కానీ వాటిలోని వాక్యాలు ఎలా ఉండేవంటే, ‘నిర్వచించబడినది’, ‘పరిశీలించబడును’, ‘కనుగొనబడెను’. మా ఇంట్లో అన్నం ఏనాడూ ‘వండబడలేదు’. అమ్మ వండింది, లేదా అమ్మమ్మ వండింది. పుస్తకంలో మాత్రం పనులు వాటంతట అవే జరిగిపోయేవి, చేసిన మనిషి కనిపించేది కాదు. చదువుకున్నవాళ్ల రాత అంటే అలాగే ఉండాలని, అందులో మనిషి కనబడితే చదువు తక్కువైనట్టేనని నాకు అప్పుడే మనసులో నాటుకుపోయింది. ఇంగ్లిషులోకి వెళ్లకముందే, తెలుగులోనే, రాతలో నుంచి నన్ను నేను తీసేసుకోవడం నేర్చుకున్నానన్నమాట.

విశాఖలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాదులో దిగిన నాటికి నా దగ్గర ఉన్న ఇంగ్లిషు ఆస్తి శంకరనారాయణ నిఘంటువు ఒక్కటే. అట్ట ఊడిపోతే నాన్న గోనెపట్టా గుడ్డ అంటించి ఇచ్చారు. భాషాశాస్త్రంలో ఎం.ఏ. రెండేళ్లూ ఒక పేజీ చదవడానికి గంట పట్టేది. మాటల అర్థాలు తెలిసేవి, కానీ ఆ మాటలు ఎవరితో మాట్లాడుతున్నాయో తెలిసేది కాదు. నాతో కాదని మాత్రం అనిపించేది.

1989లో పీహెచ్‌డీలో చేరాను. నేను ఎంచుకున్న విషయం ‘అట’. అవును, వాక్యం చివర మనం తగిలించే ఆ రెండక్షరాల మాటే. ‘నిన్న వాన పడిందట’ అంటే, నేను చూడలేదు, ఎవరో చెప్పారు, పూచీ నాది కాదు అని అర్థం. రోజుకు వందసార్లు అంటాం, ఒక్కసారి కూడా గమనించం. ఇంగ్లిషులో ఈ పనికి వేరే మాటలు వెతుక్కోవాలి, అయినా తూకం సరిపోదు. కథ మొదలుపెట్టాలన్నా అదే, చాడీ చెప్పాలన్నా అదే, పెళ్లి సంబంధం కబురు తేవాలన్నా అదే. ఇంత చిన్న మాట ఇంత పని చేస్తుంటే ఎవరైనా పట్టించుకోవాలి కదా అనిపించింది.

మొదటి అధ్యాయం రాసి ఇచ్చాను. నలభై పేజీలు. నాకన్నా ముందు ఎవరెవరు ఏమేమి చెప్పారో అంతా ఓపికగా పోగేశాను. వారం తర్వాత గైడు గారు పిలిచారు.

“నీ అధ్యాయం చదివానమ్మా. నీ విషయం ‘అట’ అన్నావు, అధ్యాయమంతా ‘అట’తోనే రాశావు. ఫలానా ఆయన ఇలా అన్నారట, ఫలానా ఆవిడ అలా అన్నారట. బాగుంది. మరి పూచీ ఎవరిది?”

“అంత పెద్దవాళ్లు చెప్పాక నేను చెప్పేదేముంటుంది సార్?”

ఆయన కోప్పడలేదు. నా కాగితాలు నా చేతికే ఇచ్చి, “‘అట’ లేని వాక్యాలు పది రాసుకుని రా. నువ్వు కళ్లారా చూసినవి, చెవులారా విన్నవి. తెలుగులోనే రాయి” అన్నారు.

తెలుగులో రాయమనడం నాకు తలవంపులుగా తోచింది. నా ఇంగ్లిషు మీద ఆశ వదులుకున్నారేమో అనుకున్నాను. రాత్రంతా కూర్చుంటే ఐదు వాక్యాలే తేలాయి. తెల్లవారుజామున రాసిన ఆరో వాక్యం ఇది: ‘మా అమ్మమ్మ తన గురించి తాను చెప్పుకునేటప్పుడు కూడా అట అంటుంది.’

ఆ ఒక్క వాక్యం నుంచే నా థీసిస్ అంతా పుట్టింది. అది ఏ పుస్తకంలోనూ నేను చదివింది కాదు. నాకు తెలిసిన సంగతి. నా పూచీ మీద చెప్పగలిగిన సంగతి.

1990 వేసవిలో ఒక టేప్ రికార్డరు అరువు తెచ్చుకుని ఊరికి వెళ్లాను. అమ్మమ్మ మొదట మొరాయించింది. “దానిలోకి మాట్లాడితే ఎవరు ఊకొడతారే?” అంది. ఊకొట్టేవాళ్లు లేకుండా మాట్లాడటం ఆవిడకు చేతకాదు. చివరికి నేనే ఎదురుగా కూర్చుని ఊకొట్టాను. క్యాసెట్టు నిండా నా ‘ఊ’లు ఉన్నాయి. వాటిని కూడా రాసుకోవాలా వద్దా అని తర్వాత చాలా తర్జనభర్జన పడ్డాను.

వేపచెట్టు కింద నులకమంచం మీద కూర్చుని, తమలపాకు ఈనె తీస్తూ, ఆవిడ ఈ మాట అంది: “నేను చంకబిడ్డగా ఉన్నప్పుడు చందమామను చూసి చేతులు చాచేదాన్నట.” చాచేదాన్ని, అట. పని తనదే, కానీ తనకు గుర్తు లేదు. తన బాల్యం తనకే ఎవరో చెప్పగా తెలిసింది. ఇంకాసేపటికి పక్కింటివాళ్ల గొడవ ఏదో తలచుకుని, “వాళ్ల కోడిని నేను దాచానట!” అంది కళ్లు పెద్దవి చేసి. ఇక్కడా ‘నేను’ ఉంది, ‘అట’ ఉంది, కానీ ఇది గుర్తులేకపోవడం కాదు, ఒప్పుకోకపోవడం. వాళ్లు అంటున్నారే తప్ప నేను ఆ పని చేయలేదని చెప్పడం. ‘నేను’తో ‘అట’ కలిస్తే ఈ రెండు అర్థాలే వస్తాయని నా థీసిస్‌లో వాదించాను. మనిషి తన గురించి ఇంకొకరి నోటి మాటగా చెప్పుకునే సందర్భాలు ఇంతకుమించి ఉండవని గట్టిగా నమ్మాను.

లైబ్రరీలో ఆ రోజుల్లో నన్ను ఆపేసినవి రెండు పుస్తకాలు. రెండూ భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారివే. ఒకటి తెలుగు ధాతువుల మీద ఇంగ్లిషులో రాసినది, 1961లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వేసింది. రెండోది మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, ఆయన సంపాదకత్వంలో 1962లో వచ్చింది. ఊరూరా తిరిగి రైతుల నోటి నుంచి సేకరించిన వ్యవసాయం మాటలు అందులో ఉన్నాయి. ఏడాది తేడా. ఒకదాంట్లో ధ్వనుల సూత్రాలు, రెండోదాంట్లో నాగలి భాగాల పేర్లు. ఇంగ్లిషులో రాసేటప్పుడు ఆయన ఒక మనిషి, తెలుగులో రాసేటప్పుడు ఇంకో మనిషి అని నాకు అనిపించలేదు. ఒకే మనిషి రెండు పొలాల్లో దున్నుతున్నట్టు అనిపించింది. ఆ రెండు పుస్తకాలనూ పక్కపక్కన పెట్టుకుని చదివిన సాయంత్రాలు నాకు ఎంత ధైర్యమిచ్చాయో చెప్పలేను. ఆయనతో నాకు పరిచయం లేదు. ఆ పుస్తకాల పరిచయమే చాలింది.

మళ్లీ ఆ పద్నాలుగో పేజీ దగ్గరికి వస్తాను. ‘మేమా? మనమా?’

మర్నాడు వెళ్లి, తెలియలేదని ఒప్పుకున్నాను. గైడు గారు అడిగారు: “ఈ థీసిస్ రాసేది నువ్వొక్కదానివే. మరి ఈ వాక్యంలో ‘వి’ అంటే ఎవరు? నిన్నూ నన్నూ కలుపుకుని మనం అంటున్నావా? లేక నన్ను బయట నిలబెట్టి మేము అంటున్నావా? మేము అయితే నీ పక్కన ఇంకా ఎవరున్నారు?”

ఎవరూ లేరు. ‘నేను’ అనడానికి జంకి, గుంపులో దాక్కున్నాను. తెలుగు పీఠికల్లో పెద్దలు ‘మా అభిప్రాయం’ అని రాయడం చూశాను, అది వినయమని అనుకున్నాను. నా విషయంలో అది వినయం కాదు, భయం.

ఆ వారమంతా మూడో అధ్యాయం ముందేసుకుని ప్రతి ‘వి’నీ తెలుగులోకి తిప్పి చూసుకున్నాను. మొత్తం ముప్పై ఒకటి ఉన్నాయి. ‘పైన చూసినట్టు’, ‘ఈ ఉదాహరణను గమనిస్తే’ లాంటి చోట్ల మనం సరిపోయింది. చదివేవాళ్లను చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్న చోట్లు అవి. అవి తొమ్మిది. వాటిని అలాగే ఉంచాను. మిగతా ఇరవై రెండూ మేములు. అంటే మాట నాది, ఒప్పుకోవాలో వద్దో చదివేవాళ్ల ఇష్టం. వాటన్నిటినీ కొట్టేసి ఇంగ్లిషు ‘ఐ’ రాశాను. ఒక్కొక్క ‘ఐ’ రాస్తుంటే బడిలో లేచి నిలబడి జవాబు చెబుతున్నట్టే గుండె కొట్టుకుంది. ఇరవై రెండుసార్లు లేచి నిలబడ్డాను.

తెలుగులో మేము, మనం వేరువేరుగా ఉండటం ద్రావిడ భాషల్లో చాలావాటికి ఉన్న సొత్తు. కన్నడం ఆ తేడాను పోగొట్టుకుంది. నాకు ఇంగ్లిషులో నిలబడే చోటు చూపించింది ఇంగ్లిషులో లేని ఆ తేడానే. ఇంగ్లిషు వ్యాకరణం పుస్తకాలు ఎన్ని తిరగేసినా ఇది దొరికేది కాదు. రెండో భాష మొదటి భాషను తోసేసి కూర్చుంటుందని భయపడేవాళ్లు నాకు తరచూ కనిపిస్తారు. వాళ్లకు ఆ పేజీ చూపించాలనిపిస్తుంది.

థీసిస్ టైపు చేయించింది విద్యానగర్‌లో ఒక టైపు సెంటరులో. ఆ మిషను మీద రోమన్ అక్షరాలు తప్ప వేరే గుర్తులు లేవు. తెలుగు ఉదాహరణలను రోమన్‌లో రాసినప్పుడు దీర్ఘానికి అక్షరం మీద గీత, ట, డ, ణ, ళ లకు అక్షరం కింద చుక్క పెట్టాలి. అవన్నీ టైపు అయ్యాక సన్నటి నల్ల ఇంకు పెన్నుతో మనమే పెట్టుకోవాలి. నా ఖర్మకో అదృష్టానికో ‘అట’లో ట ఉంది. అంటే నా థీసిస్‌లో ‘అట’ ఎన్నిసార్లు వస్తే అన్ని చుక్కలు. ఐదు ప్రతులు. నా గదిలో ఉండే రసాయనశాస్త్రం అమ్మాయి, తెలుగు చదవడం రాని కేరళ పిల్ల, రెండు రాత్రులు నాతో కూర్చుని చుక్కలు పెట్టింది. మూడో ప్రతికి వచ్చేసరికి ఆ అమ్మాయికి మా అమ్మమ్మ వాక్యం నోటికి వచ్చేసింది. “చేతులు చాచేదాన్నట” అని తన యాసలో అంటూ చుక్క పెట్టేది.

ఆ వాక్యం నా థీసిస్‌లో 47వ ఉదాహరణ. పైన వాక్యం, దాని కింద ముక్కముక్కకూ అర్థం, ఆ కింద అనువాదం. ధాతువు ఇది, స్త్రీ లింగం ఇది, ఉత్తమ పురుష ప్రత్యయం ఇది అని. మొదటిసారి అలా విడగొట్టినప్పుడు నాకు కడుపులో దేవినట్టయింది. ఆవిడ ఈనెలు తీసినట్టు నేను ఆవిడ మాటను తీస్తున్నానా అనిపించింది. తర్వాత తర్వాత ఆ మూడు వరుసలే నాకు ప్రియమయ్యాయి. ముందు అమ్మమ్మ మాట, తర్వాతే నా మాట. పేజీలో కూడా ఆవిడదే పైవరుస.

పేరు సంగతి కూడా చెప్పాలి. నా పేరు చివర లక్ష్మి ఉంది. ఇంటిపేరు ముందు, మొదటి అక్షరంగా. తెలుగువాళ్లం చాలామందిమి అలాగే రాసుకుంటాం. ఇంగ్లిషు పరిశోధన పత్రికలకు మాత్రం చివర ఉన్నదే వంశం పేరు. 1994లో నా మొదటి వ్యాసం అచ్చయింది. ఆ తర్వాత ఎవరు ప్రస్తావించినా నేను ‘లక్ష్మి, 1994’. ఆ వ్యాసం ఇంటికి తీసుకెళితే నాన్న కళ్లజోడు పెట్టుకుని, చూపుడువేలితో పేరంతా తడిమి, “మన ఇంటిపేరు ఏదమ్మా?” అని అడిగారు. ఒక్క అక్షరంగా మిగిలిన చోటు చూపించాను. ఆయన ఇంగ్లిషు చదవలేరు కానీ ఆ అక్షరం గుర్తుపట్టారు. దాని మీద వేలు అలాగే ఉంచి కాసేపు కూర్చున్నారు. కృష్ణమూర్తి గారిని కూడా లోకమంతా కృష్ణమూర్తి అనే ప్రస్తావిస్తుందని, భద్రిరాజు వెనక పొట్టి అక్షరాలుగా ఉంటుందని చెప్పాను. “అయితే సరే” అన్నారు. పెళ్లయ్యాక ఇంటిపేరు మార్చుకోవా అని చాలామంది అడిగారు. నాన్న వేలు పెట్టిన ఆ అక్షరాన్ని నేను మార్చలేదు.

పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక, తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన పరిశోధక విద్యార్థులకు రాత నేర్పే పని నాకు అప్పగించారు. అప్పుడే ఈ విషయం మీద ఇతర దేశాలవాళ్లు రాసినవి చదివాను. అమెరికా భాషావేత్త రాబర్ట్ కాప్లాన్ 1966లో రాసిన వ్యాసంలో ఒక్కో భాషా కుటుంబం వాళ్ల పేరా నడకను ఒక్కో బొమ్మగా గీశారు. ఇంగ్లిషుకు తిన్నటి గీత, తూర్పు భాషలకు సుడి తిరిగే గీత. ఆ సుడి చూసి మనసు చివుక్కుమంది. తర్వాత ఆయనే తన మాటను కొంత సడలించుకున్నారు కానీ బొమ్మ మాత్రం పాఠ్యపుస్తకాల్లో నిలిచిపోయింది. మా అమ్మమ్మ మాట సుడి తిరగదు. అసలు సంగతి చివర చెబుతుంది, అంతే. తెలుగు వాక్యంలో క్రియ ఎక్కడుంటుందో అక్కడే ఉంటుంది ఆవిడ కథలో కీలకం. అంతవరకూ ఊకొడుతూ ఆగాలి. ఇంగ్లిషు పేరా మొదటి వాక్యంలోనే గుట్టు విప్పమంటుంది. నా విద్యార్థులకు ఇది తప్పొప్పుల సంగతి కాదని, ఊకొట్టే మనిషి ఎదురుగా ఉన్నప్పటి నడక ఒకటి, లేనప్పటి నడక ఇంకొకటి అని చెబుతాను. వాళ్లకు వెంటనే అర్థమవుతుంది.

ఫాన్ షెన్ అనే చైనా ఆయన 1989లో రాసిన వ్యాసం చదివినప్పుడు మాత్రం కళ్లు చెమర్చాయి. అమెరికాలో ఇంగ్లిషు రాత నేర్చుకుంటూ, ‘నీలాగే నువ్వు రాయి’ అంటే, ఆ ‘నేను’ కోసం ఒక కొత్త మనిషిని ఊహించుకోవలసి వచ్చిందని ఆయన రాశారు. చైనాలో ‘నేను’ ఎప్పుడూ ‘మనం’ చాటున ఉండేదట. ఈ ‘అట’ సరైన చోటే వాడాను. చైనా సంగతి నేను చూడలేదు, ఆయన మాట. బొబ్బిలి సంగతి మాత్రం నా పూచీ.

2001లో ఒక సాహిత్య పత్రిక ‘అట’ గురించి తెలుగులో వ్యాసం అడిగింది. పొంగిపోయాను. కూర్చుంటే వాక్యం నడవలేదు. పన్నెండేళ్ల ఇంగ్లిషు రాత తర్వాత నా తెలుగు మళ్లీ ‘చర్చించబడుతుంది’ దగ్గరికి వచ్చి ఆగింది. ఎంత బాధపడ్డానో! అప్పుడు భాషావేత్త చేకూరి రామారావు గారి ‘తెలుగు వాక్యం’ తీశాను. 1975 నాటి పుస్తకం. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదివి వచ్చిన మనిషి, అప్పటి కొత్త వ్యాకరణ సిద్ధాంతాన్ని తెలుగు ఉదాహరణలతో, తెలుగు పారిభాషిక పదాలతో, ఎదుట కూర్చుని చెబుతున్నట్టు రాశారు. ఒకరి మాటను ఇంకొకరు తిరిగి చెప్పడాన్ని ఆయన అనుకృతి అన్నారు. ‘తాను వస్తానన్నాడు’ అనే మామూలు వాక్యాన్ని చూడండి. ‘తాను’ అవతలి మనిషి, ‘వస్తాను’ మాత్రం ఉత్తమ పురుషలో ఉంది. ఇంకొకరి ‘నేను’ను మన నోట్లో అలాగే మోసుకొస్తాం. ఆ అధ్యాయం చదువుతూ, నా వ్యాసాన్ని అమ్మమ్మకు చెబుతున్నట్టు మొదటి నుంచి రాసుకొచ్చాను. ఆవిడ పోయి అప్పటికి నాలుగేళ్లు.

క్రితం సంవత్సరం ఆ క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించారు. ముప్పై ఏళ్ల తర్వాత ఆవిడ గొంతు విన్నాను. తమలపాకు చప్పుడు, దూరంగా ఎడ్లబండి, నా ‘ఊ’లు. కోడి గొడవ అయిపోయాక, కథ అయిపోయిందనుకుని నేను రాసుకోవడం ఆపేసిన చోట, టేపు ఇంకా తిరుగుతూనే ఉంది. ఎవరో వచ్చారు. ఇదంతా దేనికని అడిగారు కాబోలు, ఆ ప్రశ్న సరిగా వినబడదు. అమ్మమ్మ జవాబు మాత్రం స్పష్టంగా ఉంది, ముసిముసి నవ్వుతో:

“నేను పుస్తకంలోకి ఎక్కుతానట!”

గుర్తులేకపోవడం కాదు. ఒప్పుకోకపోవడమూ కాదు. నా థీసిస్‌లో ఈ మూడోదానికి చోటు లేదు. మనవరాలు చెప్పింది, నమ్మాలో వద్దో తెలియదు, నిజమైతే బాగుండును అనే సంబరం. ఇది ఇంతకాలం నా చేతిలోనే ఉంది, నేను వినలేదు.

ఇప్పుడు దీని మీద రెండు వ్యాసాలు రాస్తున్నాను, ఒకటి తెలుగులో, ఒకటి ఇంగ్లిషులో. తెలుగుది దాదాపు అయిపోయింది. ఇంగ్లిషుదాంట్లో మూడు వరుసల ఉదాహరణలో పై రెండు వరుసలూ పూర్తయ్యాయి. చుక్కలూ గీతలూ ఇప్పుడు కంప్యూటరే పెడుతోంది. మూడో వరుసలో అనువాదం ఆరుసార్లు రాసి కొట్టేశాను. ఆ నవ్వు ఇంకా రాలేదు. రేపు ఉదయం మళ్లీ విని, ఏడోసారి రాస్తాను.